జానెడు మామిడిచెట్టు

ఊ కొడుతూ వినండి పిల్లలూ. మీరు ఊ కొట్టడం మానేస్తే నా కథ నడిసముద్రంలో ఆగిపోతుంది.

ఏడు సముద్రాలకి ఇవతల సిరివాక అనే రాజ్యం ఉండేది. దాన్ని మహీపాలుడనే రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు చండసేనుడు, నడిమివాడు రత్నసేనుడు, చిన్నవాడు ఉదయసేనుడు. సిరివాక నేల ఎలాంటిదంటే, గింజ వేసి ఇంటికెళ్లి చద్దన్నం తిని వచ్చేసరికి మొలక తలెత్తి చూసేదట! పొలాల్లో వరి, గట్ల మీద కంది, పెరళ్లలో అరటి. కాయల బరువుకి కొమ్మలు వంగిపోతే జనం వాటికి గుంజలు పాతి నిలబెట్టేవాళ్లు.

ఒకరోజు నిండు సభలోకి ఒక మాంత్రికుడు వచ్చాడు. అతని పేరు ధూమకేశుడు. తలమీద జుట్టుండాల్సిన చోట పొగ సుళ్లు తిరుగుతోంది. ముఖం చూస్తే పాతికేళ్ల కుర్రాడి ముఖం. కళ్లు మాత్రం నీళ్లింకిపోయిన బావుల్లా ఉన్నాయి.

"రాజా, నా తోటలో ఒక్క కాయ నిలవదు. నీ రాజ్యంలో కొమ్మలు కాయల బరువుకి విరుగుతున్నాయి. అది నేను చూడలేను. చెట్లన్నీ నరికించు," అన్నాడు.

"స్వామీ, చూడలేకపోతే తమరు ఇటు రాకండి. నా ప్రజలు పెంచుకున్న చెట్లని నేనెలా నరికిస్తాను?" అన్నాడు రాజు.

ధూమకేశుడు విసురుగా వెనుదిరిగాడు. కోట బయటికి వెళ్లి నేలని కాలితో మూడుసార్లు తన్నాడు.

"ఈ నేలని తాకిన ప్రతి వేరూ మాడిపోవాలి. నా మాట నేనై వెనక్కి తీసుకుంటే తప్ప ఈ నేలలో పచ్చన అనేది ఉండకూడదు!" అని, పొగలో పొగై మాయమైపోయాడు.

అన్నంత పనీ అయింది. వరి మాడింది, కంది మాడింది, అరటి మాడింది. పచ్చటి రాజ్యం పొయ్యిలో బూడిదలా అయిపోయింది. మళ్లీ విత్తులు చల్లారు. మొలకెత్తిన చోటే అవి నల్లగా మాడిపోయాయి. గాదెలు అడుగంటాయి. మూటాముల్లే సర్దుకుని జనం ఒక్కొక్కరే రాజ్యం విడిచి వెళ్లడం మొదలుపెట్టారు.

వెళ్లేవాళ్లని ఆపడానికి చిన్న రాకుమారుడు ఉదయసేనుడు ఊరూరా తిరిగాడు. అలా తిరుగుతూ ఒక కుమ్మరి వాడలో ఠక్కున ఆగిపోయాడు. ఎదురుగా ఒక ఇంటి చూరుకి ఉట్టి వేలాడుతోంది. ఆ ఉట్టిలో మూతి విరిగిన కుండ. ఆ కుండలో మిరపమొక్క! ఆకులు నిగనిగలాడుతున్నాయి. వాటి మధ్య ఎర్రటి పండుమిరపకాయలు దీపాల్లా వెలుగుతున్నాయి. ఎన్నాళ్లుగానో బూడిదరంగు తప్ప మరో రంగు ఎరగని కళ్లు కదా, రాకుమారుడికి నీళ్లు తిరిగాయి.

లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతులకి తడిమట్టి. ఆమె కుమ్మరి పోతన్న కూతురు, పేరు నాగమల్లి.

"అమ్మాయీ, రాజ్యమంతా మాడిపోతే ఇదెలా బతికింది?"

"కోళ్లు కెలికేస్తున్నాయని ఎప్పుడో ఉట్టెక్కించాను దొరా. మాంత్రికుడు తిట్టింది నేలని కదా, ఉట్టిని కాదుగా!"

"మరి ఈ కుండలో ఉన్నదీ ఆ నేలే కదా?"

"తవ్వి తెచ్చుకున్నాక అది నేలెందుకవుతుంది దొరా, మట్టి అవుతుంది గానీ!" అని నవ్వింది నాగమల్లి.

రాకుమారుడు ఆ కుండని రెండు చేతులా ఎత్తుకుని తండ్రి దగ్గరికి తీసుకెళ్లాడు. మహారాజు సింహాసనం దిగి వచ్చి, ఆ మొక్క ముందు నిలబడి చేతులు జోడించాడు.

ఆ రోజు నుంచీ సిరివాకలో కుమ్మరి సారెలు ఆగలేదు. కుండలు, బానలు, చట్లు, మూకుళ్లు, ఏది దొరికితే అందులో మట్టి నింపారు. నాగమల్లి రాకుమారుడితో కలిసి ఇంటింటికీ వెళ్లి చూపించేది. కుండ అడుగున చిల్లి పెట్టాలి. చిల్లి మీద పెంకు బోర్లించాలి. మట్టిలో ఇసక, మాగిన పేడ, కాస్త బూడిద కలపాలి. వేలు గుచ్చి చూసి పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, కుండని రాళ్ల మీద ఎత్తుగా పెట్టాలి. చిల్లిలోంచి ఒక్క వేరు జారి నేలని తాకిందో, మొక్క మొత్తం మాడిపోతుంది.

కొన్నాళ్లకి మిద్దెల మీద వంగ, గోడల మీద బచ్చలి, చూరులకి వేలాడే ఉట్లలో మిరప. కింద చూస్తే బూడిద, తలెత్తి చూస్తే పచ్చదనం! వెళ్లిపోయినవాళ్లలో కొందరు ఆ వింత చూడటానికే వెనక్కి వచ్చారు. కానీ కుండలో వరి ఎంతని పండుతుంది? పశువులకి గడ్డి ఎక్కణ్ణుంచి వస్తుంది? కూర ఉండేది గానీ అన్నం ఉండేది కాదు.

"నేను వెళ్లి ఆ మాంత్రికుడి తల నరుకుతాను," అని పెద్దవాడు చండసేనుడు కత్తి పట్టుకుని బయల్దేరాడు. తిరిగి రాలేదు.

"నేను వెళ్లి వాడి బరువెత్తు బంగారం ఇచ్చి ఒప్పిస్తాను," అని నడిమివాడు రత్నసేనుడు ఓడ నింపుకుని బయల్దేరాడు. తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ," అన్నాడు ఉదయసేనుడు. మహారాజు కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు.

రేవులో నాగమల్లి అతని చేతికి ఒక కుండ ఇచ్చింది. అందులో నిమ్మమొక్క ఉంది.

"దీన్నేం చేసుకోను నాగమల్లీ? నేను వెళ్లేది యుద్ధానికి."

"అందుకే ఇస్తున్నాను దొరా. రోజూ దీనికి నీళ్లు పొయ్యాలి కాబట్టి రోజూ మీరు బతికుండాలి," అంది ఆమె. కళ్లు కనబడకుండా తల తిప్పుకుంది.

ఓడ కదిలింది.

మొదటిది ఉప్పు సముద్రం. అలలు ఎగిరి ఓడలో పడుతుంటే కుండలోంచి సన్నటి గొంతు వినిపించింది. "రాకుమారా! ఉప్పునీళ్లు పడితే నా ఒళ్లు మండిపోతుంది. పైన ఏదైనా కప్పవూ?" చూస్తే వానపాము! మట్టితో పాటు కుండలోకి వచ్చిందన్నమాట. రాకుమారుడు తన పట్టు ఉత్తరీయం తీసి కుండ మీద కప్పాడు. "నీ మేలు మరిచిపోను," అంది వానపాము.

రెండోది చెరకురసపు సముద్రం. ఆ తియ్యదనంలో రెక్కలు అంటుకుపోయి ఒక తేనెటీగ కొట్టుకుంటోంది. రాకుమారుడు దాన్ని పైకి తీసి, తను తాగే నీళ్లతో రెక్కలు కడిగి, నిమ్మపువ్వు మీద కూర్చోబెట్టాడు. "నీ మేలు మరిచిపోను," అంది తేనెటీగ.

మూడోది కల్లు సముద్రం. అక్కడ గాలి పీలిస్తేనే మత్తు. నిమ్మాకు నలిపి వాసన చూస్తూ రాకుమారుడు మెలకువగా ఉన్నాడు. నాలుగోది నేతి సముద్రం, అయిదోది పెరుగు సముద్రం. ఆరోది పాల సముద్రం! ఆకాశం తెలుపు, నీరు తెలుపు, ఆ తెలుపులో ఓడ మెల్లగా సాగుతుంటే తనెవరో, ఎందుకు వచ్చాడో అన్నీ మరిచిపోయేంత నిశ్శబ్దం. ఆ తెలుపు మధ్యలో పచ్చగా ఉన్నది నిమ్మమొక్క ఒక్కటే. రాకుమారుడు దాన్నే చూస్తూ దారి తప్పకుండా సాగాడు. తాగే నీళ్లు తరిగిపోయినా, సగం తను తాగి సగం మొక్కకి పోశాడు. చివరిది మంచినీళ్ల సముద్రం. అక్కడ తనూ మొక్కా కడుపారా తాగారు.

ఆ సముద్రానికి అవతల ధూమకేశుడి దీవి. గుమ్మం దగ్గర అటొకటి ఇటొకటి రెండు ఎండు మోడులున్నాయి. ఒకదానికి చండసేనుడి కత్తి, ఇంకోదానికి రత్నసేనుడి హారం వేలాడుతున్నాయి. ఆ మోడులు తన అన్నలేనని రాకుమారుడికి అర్థమైంది. రెండు మోడులనీ ఒకసారి కౌగిలించుకుని, కుండ చంకన పెట్టుకుని లోపలికి నడిచాడు.

లోపల పెద్ద తోట. బంగారు కుండీలు, వెండి కుండీలు, పగడాల కుండీలు. అన్నిట్లోనూ మొక్కలు. ఒక్కటి కూడా ఆరోగ్యంగా లేదు.

"ఎవడ్రా నువ్వు?" అంటూ పొగలోంచి ధూమకేశుడు వచ్చాడు. చెయ్యి ఎత్తాడు. అంతలో అతని చూపు నిమ్మమొక్క మీద పడింది. కొమ్మ చివర గోలీ అంత పచ్చటి కాయ!

"కుండలో... కాయా?" ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. "దీన్ని నువ్వు పెంచావా?"

"నేనే పెంచాను."

"అయితే నా మొక్కల్ని బాగుచెయ్యి. మూడింటిని చూపిస్తాను. ఏ ఒక్కటి చచ్చినా నిన్ను మోడుని చేస్తాను."

మొదటిది బంగారు కుండీలో సన్నజాజి. ఆకులన్నీ పసుపు పచ్చ. వేలు గుచ్చితే బురద, ముక్కు పగిలేంత కుళ్లువాసన. ఎంత వెతికినా కుండీకి చిల్లి లేదు. రాకుమారుడు తన బాకుతో బంగారానికి చిల్లి పొడిచాడు. నల్లటి నీళ్లు బొడబొడా కారిపోయాయి. కుళ్లిన వేళ్లు తీసేసి, ఇసక కలిపిన కొత్త మట్టిలో నాటి నీడన పెట్టాడు. కొన్నాళ్లకి కొత్త చిగురు వచ్చింది. ధూమకేశుడు చూసి, "ఊఁ," అన్నాడు.

రెండోది వెండి కుండీలో దానిమ్మ. మట్టి బండరాయిలా గట్టిపడింది. నీళ్లు పోస్తే పైనుంచే జారిపోతున్నాయి. బాకుతో గుచ్చితే మొక్క వేళ్లు తెగుతాయి. ఏం చెయ్యాలో రాకుమారుడికి తోచలేదు. "నేనున్నానుగా!" అంది వానపాము. కుండీలోకి దిగి, లోపలంతా సందులు సందులుగా తిరిగింది. అది తిరిగినచోటల్లా మట్టి అటుకుల్లా గుల్లబారింది. కొన్నాళ్లకి దానిమ్మ ఎర్రగా మొగ్గ తొడిగింది. ధూమకేశుడు చూసి, "ఊఁ," అన్నాడు. ఈసారి వంగి మొగ్గని పరీక్షగా చూశాడు.

మూడోది పగడాల కుండీలో ఆనపతీగ. విరగబూస్తుంది, పిందె మాత్రం నిలవదు. ఆ దీవిలో ఈగ లేదు, దోమ లేదు, సీతాకోకచిలుక లేదు. "నేనున్నానుగా!" అంది తేనెటీగ. ఈ పువ్వు మీద వాలి ఆ పువ్వు మీదకి ఎగిరింది. కొన్నాళ్లకి తీగకి పొడుగాటి ఆనపకాయ వేలాడింది. ధూమకేశుడు దగ్గరికొచ్చి, దాని నూగుని అరచేత్తో నిమిరాడు. ఎంతసేపటికీ చెయ్యి తియ్యలేదు.

"రా," అన్నాడు చివరికి. "నీకు ఇంకొకటి చూపించాలి."

ఏడు గదులు దాటించి తీసుకెళ్లాడు. ఏడో గదిలో వజ్రపు పీట. పీట మీద గుప్పెడంత కుండీ. ఆ కుండీలో జానెడు మామిడిచెట్టు! మొక్క కాదు, చెట్టే. మాను ముడతలు పడి, బొడిపెలు కట్టి, కొమ్మలు గొడుగులా విచ్చుకుని, ఎన్నో వందల ఏళ్ల మహావృక్షం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఆకులు మాత్రం చిటికెన వేలి గోరంత. ఉదయసేనుడు ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. చంద్రుణ్ణి తెచ్చి చెంబులో పెట్టినట్టుంది.

ఆకుల అంచులు ఎండుతున్నాయి. రాకుమారుడు మాను మీద మెల్లగా వేలు పెట్టాడు. పక్కనే ధూమకేశుడు ఉలిక్కిపడి తన గొంతు పట్టుకున్నాడు.

అప్పుడర్థమైంది ఉదయసేనుడికి. మాంత్రికుడి ప్రాణం ఇక్కడుంది. చిటికెన వేలితో పుటుక్కుమనిపించవచ్చు. గుమ్మం దగ్గర మోడులైన అన్నలు కళ్లముందు కదిలారు. అతని చేతివేళ్లు బిగుసుకున్నాయి. కానీ, "నా మాట నేనై వెనక్కి తీసుకుంటే తప్ప," అన్న శాపం గుర్తొచ్చింది. వీడు చస్తే ఆ మాట ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. పైగా, ఆ చెట్టుని చూస్తూ చూస్తూ విరవడానికి అతనికి చేతులు రాలేదు.

వానపాము కుండీలోకి దూరబోయి వెంటనే వెనక్కి వచ్చింది. "లోపల మట్టే లేదు రాకుమారా! అంతా వేళ్లే. వేళ్లు వేళ్లనే నులిమేస్తున్నాయి."

"అయ్యా, దీన్ని కుండీలోంచి తీసి నేలలో పెట్టాలి," అన్నాడు ఉదయసేనుడు.

"తియ్యకుండా బాగుచెయ్యి!"

"కుదరదు. ఇలాగే ఉంచితే రేపో మాపో ఎండిపోతుంది."

"నిన్ను మోడుని చేస్తాను!" అని చెయ్యెత్తాడు ధూమకేశుడు.

"చెయ్యండి. తరువాత దీన్ని ఎవరు బతికిస్తారు?"

ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. మాంత్రికుడు వజ్రపు పీట పక్కన కూలబడ్డాడు.

"నా చిన్నప్పుడు మా అమ్మ ఒక మామిడిపండు ఇచ్చింది," అన్నాడు. "దాని టెంక ఈ కుండీలో నాటాను. అమ్మ చచ్చిపోయింది. నాకు చావంటే భయం పట్టుకుంది. మంత్రాలు నేర్చి నా ప్రాణాన్ని ఈ మొక్కకి ముడివేశాను. చెట్టు పెరిగితే పూస్తుంది, పూస్తే కాస్తుంది, కాస్తే పండుతుంది, పండితే రాలుతుంది. నేను రాలిపోకూడదని దీన్ని పెరగనివ్వలేదు. అప్పట్నుంచీ నాకు ఆకలి లేదు, నిద్ర లేదు, దేని రుచీ లేదు."

"మీరు రాలిపోరని నేను అబద్ధం చెప్పను," అన్నాడు ఉదయసేనుడు. "ఈ కుండీలో ఉంటే ఎండి రాలుతుంది. నేలలో పెడితే పండి రాలుతుంది. రెండో దారిలో అయితే దీని పండు ఎలా ఉంటుందో మీరు చూస్తారు."

ధూమకేశుడు ఎండిన ఆకు అంచుని వేలితో తడిమాడు. "నీకేం కావాలి?" అన్నాడు.

"నేను సిరివాక రాజు చిన్న కొడుకుని. మీ గుమ్మం ముందున్నవాళ్లు మా అన్నలు."

మాంత్రికుడు తలెత్తి అతణ్ణి చూశాడు. తరువాత చెట్టుని చూశాడు. చివరికి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఏడు సముద్రాల మీదుగా చూస్తూ అన్నాడు. "సిరివాక నేలా, నేనన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను."

ఎక్కడో చాలా దూరాన ఉరిమింది. గుమ్మం దగ్గర రెండు మోడులూ చిగురించాయి. చిగుళ్లు వేళ్లయ్యాయి, కొమ్మలు చేతులయ్యాయి. చండసేనుడు, రత్నసేనుడు నిద్రలేచినవాళ్లలా కళ్లు నులుముకుంటూ లోపలికి వచ్చారు. తమ్ముణ్ణి చూసి ఇద్దరూ ఒక్కసారే వాటేసుకున్నారు.

ధూమకేశుడు కుండీని తనే గుండెకి హత్తుకుని తోట నడుమకి నడిచాడు. తనే కుండీని రాయికేసి కొట్టాడు. ఉదయసేనుడు గుంట తీశాడు. చిక్కుపడ్డ వేళ్లని తడిచేత్తో ఒక్కొక్కటే విడదీసి, మట్టిలో పరిచి, నీళ్లు పోశాడు.

వేరు నేలని తాకింది.

భూమి కింద ఏదో దొర్లినట్టు చప్పుడైంది. జానెడు చెట్టు మూరెడైంది. మూరెడు బారెడైంది. మాను మండువాలోగిలి అంత లావైంది. కొమ్మలు మేడల్ని పక్కకి నెట్టుకుంటూ, బంగారు గోపురాన్ని గుడ్డుపెంకులా చిట్లగొట్టుకుంటూ ఆకాశంలోకి వెళ్లాయి. ఆకులు విచ్చుకునే చప్పుడు వాన పడినట్టుంది. దీవి మొత్తం నీడలో మునిగింది. ఆ నీడలోంచి పూత పూసింది. వందల ఏళ్లు ఆగిన పూత ఒక్కసారిగా! ఆ వాసనకి, ఎన్నడూ పిట్ట వాలని ఆ దీవికి సముద్రం నాలుగు వైపులనుంచీ కోయిలలు వచ్చాయి. పిందెలు పడ్డాయి, కాయలయ్యాయి, రంగు తిరిగాయి. రాకుమారులు ముగ్గురూ తలలు పైకెత్తి, నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. తేనెటీగ కూడా ఎగరడం మానేసి ఉదయసేనుడి భుజం మీద వాలింది.

ధూమకేశుడి తలమీద పొగ తొలగి తెల్లటి జుట్టు వచ్చింది. ముఖం మీద ముడతలు వచ్చాయి. కళ్లలో చెమ్మ వచ్చింది. "నాకు... ఆకలేస్తోంది!" అన్నాడు ఆశ్చర్యంగా.

అతని ముందు ఒక పండు రాలింది. ముసలి చేతులతో దాన్ని పిసికి రసం జుర్రుకున్నాడు. రసం మోచేతుల దాకా కారింది. చిన్నపిల్లాడిలా నవ్వాడు. "అమ్మ ఇచ్చింది కూడా ఇలాగే ఉంది," అన్నాడు. చెట్టుకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్ల నిద్ర ఒక్కసారే వచ్చింది. ఆ నిద్రలోంచి మళ్లీ లేవలేదు. అన్నదమ్ములు అతణ్ణి ఆ చెట్టు కిందే పడుకోబెట్టి, మట్టి కప్పి, దణ్ణం పెట్టి ఓడ ఎక్కారు.

వాళ్లు సిరివాక రేవు చేరేసరికి వాన కురిసి వెలిసింది. దారి పక్కన సన్నగా గడ్డి మొలుస్తోంది. కానీ జనం భయం వదల్లేదు. కుండలన్నీ ఇంకా రాళ్ల మీదే ఉన్నాయి. ఒక్కరు కూడా నేలలో విత్తు వెయ్యలేదు.

నాగమల్లి రేవులో నిలబడి ఉంది. ఉదయసేనుడు ఓడ దిగి నిమ్మకుండని ఆమె చేతికిచ్చాడు.

"రోజూ నీళ్లు పోశాను," అన్నాడు.

"కనిపిస్తూనే ఉంది దొరా," అంటూ ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మహారాజు స్వయంగా పోతన్న ఇంటికి వెళ్లి, "బావగారూ, మీ అమ్మాయిని మా ఇంటికి పంపండి," అని అడిగాడు. పోతన్న తడబడిపోయి, మట్టి చేతులతోనే రాజుని కౌగిలించుకున్నాడు.

పెళ్లికి పందిళ్లు వేశారు. పోతన్న తన చేత్తో చేసిన మట్టి పాలికల్లో ముత్తయిదువులు నవధాన్యాలు చల్లారు. పెళ్లినాటికి అవి పచ్చగా మొలకెత్తాయి. తలంబ్రాలయ్యాక పాలికల్ని ఏట్లో కలపాలని పురోహితుడు అంటే, నాగమల్లి ఒక పాలికని ఎత్తుకుని పందిరి దాటి పొలం వైపు నడిచింది. కొంగుముడి ఉంది కదా, ఉదయసేనుడూ వెంట నడిచాడు. రాజ్యమంతా వాళ్ల వెనక కదిలింది.

ఇద్దరూ బూడిదరంగు చేలో మోకాళ్ల మీద కూర్చుని, మొలకల్ని మట్టిగడ్డతో సహా తీసి నేలలో పెట్టారు. ఎవ్వరూ ఊపిరి తియ్యలేదు. చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపారు. మొలకలు గాలికి కాస్త వాలాయి. వాలి, మళ్లీ నిలబడ్డాయి. పచ్చగా, నిటారుగా నిలబడ్డాయి.

ఒక ముసలమ్మ పరుగున వెళ్లి తన మిద్దె మీది వంగమొక్కని దింపుకొచ్చింది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక అందరూ. పొద్దు వాలేలోగా సిరివాక నేల కనుచూపుమేరా పచ్చబడింది. అన్నలిద్దరూ ఇష్టంగా తమ్ముడికే పట్టం కట్టించారు. చండసేనుడు సేనల్ని చూసుకున్నాడు, రత్నసేనుడు ఖజానా చూసుకున్నాడు. ఉదయసేనుడు, నాగమల్లి తల పండేదాకా ఏలారు. వాళ్ల ఏలుబడిలో ఆకలితో నిద్రపోయినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇక మీరూ పడుకోండి.